‘అని’ వినపడేదాకా: పెద్ద కథనాలను చదవకుండా వింటే ఏమవుతుంది?

చెన్నైలో చేపాక్ దగ్గర రైలెక్కితే తరమణికి అరగంట, కాస్త అటూ ఇటూగా. ఆ అరగంటా ఫోన్‌లో ఏదో ఒక పెద్ద కథనం వినడం నాకు రెండేళ్ళుగా అలవాటు. మొన్న విన్నది ఒక చెరువు గురించి. చెరువు పక్కన ఫ్యాక్టరీ, ఆ రెండింటి మధ్య ఏళ్ళ తరబడి నలుగుతున్న గొడవ. "ఫ్యాక్టరీ వాళ్ళు మూడేళ్ళుగా రాత్రిపూట వ్యర్థాలు చెరువులోకి వదులుతున్నారు, ఈ సంగతి అధికారులందరికీ తెలుసు..." అన్నంతవరకు స్పష్టంగా వినపడింది. అంతలో ఎదురు పట్టాల మీద ఇంకో రైలు దడదడలాడుతూ పోయింది. రెండు మూడు మాటలు ఆ చప్పుడులో కలిసిపోయాయి. వెనక్కి జరిపి వినొచ్చు. కానీ ఒక చెయ్యి పైనున్న పట్టీకి వేలాడుతోంది, రెండో చేతిలో టిఫిన్ బాక్స్.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ కథంతా చెప్పేశాను. అధికారులను నాలుగు తిట్టాను కూడా. రాత్రి ఇంటికొచ్చి అదే కథనాన్ని కళ్ళతో చూస్తే ఆ వాక్యం చివర "తెలుసని స్థానికులు ఆరోపిస్తున్నారు" అని ఉంది. తర్వాతి పేరాలో కంపెనీ ఖండన. ఆ ఖండన పొద్దున నేను విననిదేం కాదు. అప్పటికే మనసులో తీర్పు అయిపోయింది కాబట్టి బుకాయింపులా వినిపించింది, అంతే.

వార్తల సైట్లలో ఇప్పుడు చాలాచోట్ల వ్యాసం నెత్తినే ‘వినండి’ అని ఒక బటన్ ఉంటోంది. నొక్కితే ఒక గొంతు చదివి పెడుతుంది. దీని మీద రెండు రకాల మాటలు వింటున్నాను. చదివే తీరిక లేనివాళ్ళకి ఇది వరం అనేది ఒకటి. విన్నంత మాత్రాన చదివినట్టా, పరీక్షలో చీటీ పెట్టినట్టు కాదూ అనేది రెండోది. రెండింటిలోనూ పస ఉంది. కానీ తెలుగులో వింటున్నప్పుడు వచ్చే చిక్కు ఒకటుంది, దాని గురించి ఈ రెండు వర్గాలూ మాట్లాడగా నేను వినలేదు. అక్కడికి వెళ్ళేముందు కొన్ని మాటలు తేల్చుకోవాలి.

వినేవన్నీ ఒక రకం కాదు

పెద్ద కథనం అంటే ఇక్కడ నా ఉద్దేశం ఇంగ్లీషులో లాంగ్‌ఫార్మ్ అంటున్నది. ఒక విలేఖరి వారాలో నెలలో తిరిగి, పదుల మందితో మాట్లాడి, కాగితాలు వెతికి రాసిన మూడు వేల మాటల, పది వేల మాటల రచన. తెలుగులో ఇవి తక్కువే. పాత్రికేయుడు పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన పారి (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) వెబ్‌సైట్ గ్రామీణ భారతం మీద ఇలాంటి కథనాలను తెలుగులోకి కూడా అనువదించి పెడుతోంది. సాయినాథ్ పుట్టింది మన మద్రాసులోనే.

రాసిన కథనం చెవికి చేరే దారుల్లో అన్నిటికన్నా తిన్ననిది ఒక మనిషి ఉన్నదున్నట్టు చదవడం. ఆడియో పుస్తకాలు చదివే వృత్తి కళాకారుల చేత పత్రికల వ్యాసాలు చదివించిన ఆడ్‌మ్ అనే అమెరికన్ యాప్ దీనికి పేరు పడింది. ఎకానమిస్ట్ వారపత్రిక 2007 నుంచి సంచిక మొత్తాన్ని చదివించి ఇస్తోంది. రెండో దారి ఆడియో డాక్యుమెంటరీ. అసలు కాగితం మీద పుట్టనే పుట్టదు, బాధితుడి గొంతు, వాన చప్పుడు, కోర్టు బయట గోల కలుపుకుని చెవి కోసమే తయారవుతుంది. 2018లో హైదరాబాదులో మొదలైన సునో ఇండియా ఈ పని చేస్తోంది. మూడోది, ఒకరు విషయం అంతా చదువుకుని వచ్చి తన మాటల్లో చెప్పడం. తెలుగులో దీనికి కిరణ్‌ప్రభ టాక్ షోలకు మించిన ఉదాహరణ దొరకదు. ఒక మనిషి జీవితాన్ని ఆయన భాగాలు భాగాలుగా గంటల తరబడి చెబుతారు, వినేవాళ్ళు వింటూనే ఉంటారు. పాడ్‌కాస్ట్ అనే మాట వీటన్నిటికీ తగిలించేస్తున్నాం గానీ అది పంపిణీ పద్ధతి పేరు. 2004లో ఒక బ్రిటిష్ జర్నలిస్ట్ ఐపాడ్‌నీ బ్రాడ్‌కాస్ట్‌నీ అతికించి వాడిన మాట.

ఇక మర గొంతు. అక్షరాన్ని శబ్దంగా మార్చే సాఫ్ట్‌వేర్ చదివేది. ‘వినండి’ బటన్ల వెనక చాలాసార్లు ఉండేది ఇదే. దీనికి తమ్ముడొకడు ఈమధ్య పుట్టాడు. వ్యాసాన్ని మింగి, ఇద్దరు మనుషులు కబుర్లాడుకుంటున్నట్టు సారాంశం వినిపించే ఏఐ. గూగుల్ నోట్‌బుక్ ఎల్ఎమ్‌లో 2024 సెప్టెంబరులో ఇది వచ్చాక బాగా పాకింది. సరదాగానే ఉంటుంది. కాకపోతే అది కథనం వినడం కాదు, కథనం గురించి వినడం. సినిమా చూసొచ్చిన వాడు కథ చెబితే మనం సినిమా చూసినట్టా?

1946లోనే అమెరికా రేడియోలో

ఇదంతా స్మార్ట్‌ఫోన్ పుట్టించిన సరదా అనుకుంటే పొరపాటు. 1946 ఆగస్టు 31 నాటి న్యూయార్కర్ సంచిక మొత్తాన్ని ఒకే ఒక్క కథనానికి ఇచ్చేశారు. అణుబాంబు పడ్డాక హిరోషిమాలో బతికి బయటపడ్డ ఆరుగురి గురించి జాన్ హెర్సీ రాసినది, సుమారు 30 వేల మాటలు. సంచికలు దొరక్కుండా అమ్ముడుపోయాయి. ఆ సెప్టెంబరులోనే అమెరికాలో ఏబీసీ రేడియో దాన్ని నాలుగు రాత్రులు, రోజుకి అరగంట చొప్పున నటుల చేత చదివించింది.

ఇక్కడ చిన్న లెక్క. ఇంగ్లీషును వినేవాళ్ళకి అందేలా చదివితే నిమిషానికి 150 మాటలు, ఆ చుట్టుపక్కల. 30 వేల మాటలకి 200 నిమిషాలు, అంటే మూడు గంటల 20 నిమిషాలు. రేడియోలో దొరికింది రెండు గంటలు. ఎవరో ఎక్కడో కత్తెర వేయకుండా అది పట్టదు. పత్రికలో చదివినవాళ్ళూ రేడియోలో విన్నవాళ్ళూ ‘హిరోషిమా కథనం’ అని ఒకే పేరు చెప్పి ఉంటారు, కానీ వాళ్ళకి అందింది ఒకటి కాదు. ఇవాళ్టి ఆడియోకీ ఈ ప్రశ్న వర్తిస్తుంది. నాకు అందుతున్నది మొత్తమా, ముక్కా?

మన దగ్గరా చెవితోనే వార్త పాకింది చాలాకాలం. కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఆంధ్రపత్రిక 1914లో మద్రాసుకి మారి దినపత్రిక అయింది. ఆ రోజుల్లో ఊరికి ఒకటో రెండో పేపర్లు. రచ్చబండ దగ్గర ఒకరు చదివితే పదిమంది వినేవాళ్ళు. 1938 జూన్ 16న మద్రాసు రేడియో మొదలైంది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం వచ్చేదాకా కోస్తా జిల్లాల తెలుగువాళ్ళకి అదే దిక్కు.

నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది మాత్రం బుర్రకథ. కథకుడు కథ నడుపుతుంటాడు. ఇటొక వంత, అటొక వంత. ఒకరు హాస్యం పండిస్తారు, ఇంకొకరు కథ మధ్యలో నేటి రాజకీయం దూరుస్తారు. "ఏమన్నాడు? ఎవరితో అన్నాడు?" అని వంత అడుగుతాడు, కథకుడు మళ్ళీ చెబుతాడు. అది కాలక్షేపానికి పెట్టింది కాదు. చెవి ఒకసారి జారవిడిచింది మళ్ళీ అందుకోవడానికి కట్టిన మెట్టు అది. దాని అవసరం ఏమిటో నాకు తరమణి రైల్లో అర్థమైంది.

అరగంటలో ఎంత పడుతుంది

మనసులో చదువుకునేటప్పుడు ఇంగ్లీషు పాఠకుడి సగటు వేగం నిమిషానికి 238 మాటలు అని 2019లో మార్క్ బ్రిస్‌బర్ట్ అనే పరిశోధకుడు పాత అధ్యయనాలన్నీ కలిపి తేల్చాడు. పైకి చదివితే 183. అంటే వినడం ఎప్పుడూ నెమ్మదే. తీరిక లేకే వింటున్నాం అనేవాళ్ళు గమనించాల్సింది ఇది. వినడం వల్ల మిగిలేది నిమిషాలు కాదు, కళ్ళూ చేతులూ. అంట్లు తోముతూ, బండి నడుపుతూ, రైల్లో వేలాడుతూ వినొచ్చు.

ఈ అంకెలు తెలుగుకి పనికిరావు. మన మాట ఒక్కటే మూడు నాలుగు మాటల బరువు మోస్తుంది. ‘చెప్పలేకపోయారు’ అనే ఒక్క మాటకి ఇంగ్లీషులో ‘దే కుడ్ నాట్ టెల్’ అని నాలుగు కావాలి. అందుకని ఒక ఆదివారం ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని 1,800 మాటల తెలుగు వ్యాసం పైకి చదివాను. 19 నిమిషాలు పట్టింది, నిమిషానికి దాదాపు 95. ఇది నా ఒక్కడి గొంతు లెక్క, ప్రమాణం కాదు. అయినా ఒక అంచనాకి పనికొస్తుంది. చేపాక్ నుంచి తరమణి లోపల 2,800 మాటల తెలుగు కథనం పట్టొచ్చు. పది వేల మాటలది వినాలంటే గంటా ముప్పావు.

వేగం పెంచుకోవచ్చు కదా అంటారు. కాలిఫోర్నియాలో 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో విద్యార్థులు వీడియో పాఠాలను రెట్టింపు వేగంతో చూసినా పెద్దగా నష్టపోలేదు. కానీ అవి వాళ్ళ రోజువారీ భాషలో, బొమ్మతో సహా, పావుగంట పాఠాలు. పేర్లు, ఊర్లు, తేదీలు కిక్కిరిసిన పరిశోధనా కథనానికి అదే ధైర్యం చేయొచ్చునా అంటే నేను చేయను. ఒకటింబావు దగ్గర ఆగిపోతాను.

విన్నది బుర్రకెక్కుతుందా

పరిశోధనల్లో రెండు వైపులా సాక్ష్యం దొరుకుతుంది. ఎవరికి కావలసింది వాళ్ళు ఏరుకుంటున్నారు.

వినడం వైపు వాళ్ళు 2019 నాటి బర్క్‌లీ అధ్యయనం చూపిస్తారు. కొంతమందికి కథలు వినిపించి, అవే కథలు చదివించి, మెదడు స్కాన్‌లు తీస్తే అర్థాన్ని పట్టుకునే భాగాలు రెండుసార్లూ దాదాపు ఒకేలా వెలిగాయి. బాగుంది. అయితే ఆ ప్రయోగంలో చదవడం అంటే తెర మీద ఒక్కొక్క మాటే మెరిసి మాయమవడం. చదివేవాళ్ళకి కూడా వెనక్కి వెళ్ళే వీల్లేదు. పాఠకుడి చేతిలో ఉన్న అసలు ఆయుధాన్ని లాగేసి పెట్టిన పోటీ అది. మెదడు గురించి అది చెప్పిన సంగతిని నేను కాదనను, దాన్ని పట్టుకుని రెండూ ఒకటే అనేస్తే ఒప్పుకోను.

చదవడం వైపు వాళ్ళది 2010 నాటి డేనియల్, వుడీల అధ్యయనం. 48 మంది కాలేజీ విద్యార్థులు. సగం మంది వ్యాసం చదివారు, సగం మంది అదే విషయాన్ని పాడ్‌కాస్ట్‌గా విన్నారు. రెండు రోజుల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్ళకి 81 శాతం, విన్నవాళ్ళకి 59 శాతం. ఇందులో ఒక తమాషా ఉంది. మొదట్లో దాదాపు అందరూ వినే జట్టే కావాలన్నారట. పరీక్ష కాగితం చేతికొచ్చే ముందు మళ్ళీ అడిగితే చాలామంది చదివే జట్టుకి మారతామన్నారు. విన్నవాళ్ళు ఇంట్లో వింటూ ఇంకేం పనులు చేసుకున్నారో మనం ఊహించుకోవచ్చు.

ఈ తగువుకి దగ్గరగా తీర్పు చెప్పింది 2022లో వర్జీనియా క్లింటన్ లిసెల్ 46 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ. మొత్తం మీద వినడానికీ చదవడానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండుచోట్ల మాత్రం చదవడం ముందుంది. పాఠకుడు తన వేగంతో, ఆగుతూ వెనక్కెళుతూ చదువుకోగలిగినప్పుడు ఒకటి. నేరుగా చెప్పని విషయాన్ని ఊహించి పట్టుకోవాల్సి వచ్చినప్పుడు రెండోది. పెద్ద కథనంలో అసలు పస ఉండేది ఆ రెండో చోటే కదా. ఎవరేమన్నారు, ఎవరు తప్పించుకున్నారు, ఏ కాగితం ఏ మాటని కొట్టేస్తోంది అని పాఠకుడే కలుపుకోవాలి.

ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు మీద జరిగినవి. క్రియ వాక్యం మధ్యలోనే తేలిపోయే భాష అది.

తెలుగు వాక్యం చెవిలో పడితే

తెలుగులో క్రియ చివర వస్తుంది. ఇది బళ్ళో నేర్చుకున్నదే. దాని ఫలితం వింటున్నప్పుడు తెలుస్తుంది. మచ్చుకు నేనే పత్రికల ధోరణిలో ఒక వాక్యం అల్లాను:

"ఆదివారం రాత్రి కురిసిన భారీ వర్షానికి చెరువు కట్ట తెగి నీట మునిగిన కాలనీలో సర్వస్వం కోల్పోయి పాఠశాలలో తలదాచుకుంటున్న 43 కుటుంబాలకు పరిహారం చెల్లించాలని దాఖలైన పిటిషన్‌పై విచారణను న్యాయస్థానం వాయిదా వేసింది."

కాగితం మీద చూస్తే కన్ను ఒక్క గెంతులో చివరికి పోయి ‘వాయిదా వేసింది’ని పట్టుకుని, తాపీగా వెనక్కొచ్చి మిగతాది ఏరుకుంటుంది. చెవికి ఆ గెంతు లేదు. వాన, కట్ట, కాలనీ, బడి, 43, పరిహారం, పిటిషన్, అన్నీ చంకనెత్తుకుని చివరిదాకా నడవాలి. నడిచాక తెలిసేదేమిటయ్యా అంటే, ఏమీ జరగలేదని. వాయిదా.

పైకి చదివి వినిపించే మంచి చదువరి దీన్ని విరుస్తాడు. ఆదివారం రాత్రి పెద్ద వాన. చెరువు కట్ట తెగింది. కాలనీ మునిగింది. 43 కుటుంబాలు బడిలో తలదాచుకుంటున్నాయి. వాళ్ళకి పరిహారం ఇవ్వాలని కోర్టులో పిటిషన్ పడింది. విచారణ వాయిదా పడింది. వినడానికి హాయిగా ఉంది. కానీ మొదటి వాక్యంలో వాయిదా వార్త, వాన నేపథ్యం. విరిచాక అన్నీ సమానంగా నిలబడ్డాయి, చివర్లో వాయిదా తోకలా మిగిలింది. ఉన్నదున్నట్టు చదవాలనే విలేఖరికీ, అందేలా చెప్పాలనే చదువరికీ తగువు ఇక్కడే వస్తుంది. రాసిన మాటకి బాధ్యుణ్ణి నేను, మార్చొద్దు అని విలేఖరి అంటే తప్పు పట్టలేం. కోర్టు వార్తల్లో ఒక మాట తేడా వస్తే నోటీసు వచ్చేది ఆయనకే.

ఇంతకన్నా పెద్ద చిక్కు ‘అని’. ఇంగ్లీషులో ఎవరన్నారో ముందు చెప్పి, ఏమన్నారో తర్వాత చెప్పడం మామూలు. తెలుగులో ఏమన్నారో ముందు వస్తుంది, ‘అని ఆరోపించారు’, ‘అని ఖండించారు’ అనే ముద్ర చివర పడుతుంది. అచ్చులో కొటేషన్ గుర్తులు ముందే కనపడి జాగ్రత్తగా ఉండమంటాయి. గుర్తులు లేకపోయినా కన్ను వాక్యం చివర ‘అని’ని ముందే చూసేస్తుంది. చెవికి ఆ హెచ్చరిక అందదు. ‘అని’ వినపడేదాకా ప్రతి ఆరోపణా నిజంలాగే ఉంటుంది. ఆ ‘అని’ మీద రైలు పోతే? కుక్కర్ కూత వేస్తే? నాకు జరిగింది అదే. పైగా మాట్లాడేటప్పుడు మనం దాన్ని విడిగా పలకం కూడా. ‘తెలుసని’, ‘లేదని’, ‘వదిలారని’ అంటూ ముందు మాటకి అతికించి మింగేస్తాం.

పాత రేడియో వాళ్ళూ పేపర్ల వాళ్ళూ దీనికొక మందు కనిపెట్టారు. ‘మంత్రి మాట్లాడుతూ’ అని మొదలుపెట్టడం. ఆ మాటని జర్నలిజం క్లాసుల్లోనూ బయటా ఎగతాళి చేస్తుంటారు, నేనూ చేశాను. మాట్లాడకుండా ఎలా చెబుతాడయ్యా అని. చెవి వైపు నుంచి చూస్తే ఆ అరిగిపోయిన మాట ఎంత పని చేస్తోందో! రాబోయేది నా మాట కాదు, ఆయనది అని ముందే బోర్డు పెడుతోంది. ‘స్థానికుల ఆరోపణ ఏమిటంటే’ అన్నా అంతే. చెవి కోసం రాసేవాళ్ళు వాక్యానికి ముందు మనిషిని నిలబెడితే సగం గొడవ తీరుతుంది. కాగితం కోసం రాసిన దాన్ని తెచ్చి వినిపిస్తే ఆ భారం అంతా చదివే గొంతు మీద పడుతుంది. నేర్పున్న చదువరి ఇతరుల మాట మొదలయ్యే చోట ఒక్క క్షణం ఆగి, స్వరం వీసమెత్తు మారుస్తాడు. వినేవాడికి తెలియకుండానే తెలిసిపోతుంది.

మర గొంతు ఎక్కడ తడబడుతుంది

తరమణిలో రైలు దిగితే ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్క్ పక్కనే. తెలుగుతో సహా భారతీయ భాషలకి మర గొంతు తయారుచేసే పని ఐఐటీ మద్రాస్‌లో ఏళ్ళుగా సాగుతోంది. అక్కడి ఏఐ ఫర్ భారత్ బృందం తమ నమూనాలను అందరూ వాడుకునేలా బయటపెడుతోంది. కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి అనే భారతీయ భాషల అనువాద వేదిక తెచ్చింది. పదేళ్ళ కిందటి ఇనుప గొంతుతో పోలిస్తే ఇప్పటిది మనిషి గొంతే అని పొరబడేలా ఉంది.

అయినా తెలుగు లిపిలోనే కొన్ని గుంటలున్నాయి. మనం ఏ అక్షరం రాస్తే అదే పలుకుతాం అని గర్వంగా చెప్పుకుంటాం. ‘చాప’, ‘చారిత్రక’, ‘వచ్చాడు’ మూడూ ఒకసారి పైకి అనండి. మూడింట్లోనూ రాసేది ‘చా’నే. పలికేది మూడు రకాలు. మనిషి ఆలోచించకుండా పలికేస్తాడు. యంత్రం నేర్చుకోవాలి, నేర్చుకోనిచోట చాప చారిత్రకం అయిపోతుంది. ఇక పొడి అక్షరాల సంగతి. ‘12 కి.మీ.’ని నా ఫోన్ ఒకసారి ‘పన్నెండు కి మీ’ అని చదివింది. పన్నెండుకి మీ ఏమిటా అని రెండు వాక్యాలు దాటేదాకా వెలగలేదు. ‘రూ.’, ‘డా.’, తేదీలు, చట్టాల సెక్షన్లు, ఇలా విచారణాత్మక కథనానికి ఎముకల్లాంటివే యంత్రానికి రాళ్ళు.

ఇవి దిద్దుకోగలిగిన తప్పులు, ఏడాది ఏడాదికీ తగ్గుతున్నాయి కూడా. ‘అని’ చిక్కు వేరు. ఇది ఎవరి మాటో యంత్రానికి వాక్యం మొదట్లోనే తెలిసి, దానికి తగ్గట్టు స్వరం మారాలి. నేను విన్నంతవరకు తెలుగు మర గొంతులు ఆరోపణనీ ఖండననీ తీర్పునీ ఒకే నున్నని స్వరంతో చదువుతున్నాయి.

మరి మనుషుల చేతే చదివించొచ్చు కదా? డబ్బు. మనిషి చదవాలంటే స్టూడియో, రికార్డింగ్, ఎడిటింగ్, తప్పులు పట్టే రెండో చెవి కావాలి. ఆడ్‌మ్‌ను 2020లో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది, 2023లో సొంత ఆడియో యాప్ తెచ్చి దాన్ని మూసేసింది. వృత్తి చదువరుల పద్ధతి అంత పెద్ద పత్రిక కొమ్ము కాస్తేనే నిలబడింది. తెలుగులో దాసుభాషితం అనే ఆడియో పుస్తకాల యాప్, హర్షణీయం అనే పాడ్‌కాస్ట్ లాంటివి మనుషుల గొంతులతోనే నడుస్తున్నా అవి ఎక్కువగా సాహిత్యం వైపు. వార్తా కథనం నెల తిరిగితే పాతబడుతుంది, కథ పాతబడదు.

ఉత్సాహవంతులు కొందరు తమకి నచ్చిన వ్యాసాన్ని సొంతంగా చదివి యూట్యూబ్‌లో పెట్టేస్తుంటారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచనను ఆడియోగా చేసే హక్కు కూడా హక్కుదారుడిదే, అనుమతి కావాలి. చూపులేనివాళ్ళ కోసం అందుబాటు రూపంలోకి మార్చడానికి 2012 సవరణ మినహాయింపు ఇచ్చింది. ఇదే విషయం మీద కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ధ్రువీకరించిన మొదటి దేశం మనదే. వినే బటన్ ఇవాళ మనకి సౌకర్యం. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఫోన్ వాడేవాళ్ళకి మర గొంతు లేకపోతే పేపరే లేదు.

పెరంబూరులో ఆదివారం

చెన్నైలో తెలుగు మాట్లాడే ఇళ్ళకి వెళితే ఈ చర్చ ఇంకో రంగు తిరుగుతుంది. ఇక్కడ తెలుగు చెవులు చాలానే ఉన్నాయి, తెలుగు కళ్ళు తగ్గిపోతున్నాయి. 2006లో తెచ్చిన చట్టంతో తమిళనాడు బళ్ళలో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. మైనారిటీ భాషల వాళ్ళు దాని మీద కోర్టులకి వెళ్ళారు. ఉన్న రాష్ట్రం భాష పిల్లలు నేర్చుకోవద్దా అనే వాదన కూడా తీసిపారేసేది కాదు. నిజానికి చట్టం రాకముందే చాలా ఇళ్ళలో పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చేరిపోయారు. ఏదైతేనేం, మా బావమరిది కూతురు ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడుతుంది, పేపర్ ఇస్తే ‘క’ గుణింతం దగ్గరే ఆగిపోతుంది. ఆ అమ్మాయికి తెలుగు కథనం అందాలంటే చెవే దారి. విన్నది చదివినట్టా కాదా అనే ప్రశ్న ఆమె విషయంలో పుట్టనే పుట్టదు.

పెరంబూరులోనే ఉండే మా నాన్నది ఇంకో దారి. కోచ్ ఫ్యాక్టరీలో రిటైరయ్యారు. అచ్చు చదవాలంటే ఇప్పుడు కళ్ళు సహకరించవు. ఫోన్ పక్కన పెట్టుకుని వేగం ముప్పావుకి తగ్గించి వింటారు.

ఆ చెరువు కథనాన్ని పోయిన ఆదివారం ఇద్దరికీ కలిపి నేనే పైకి చదివాను, ఫోన్ పక్కన పెట్టేసి. మధ్యలో మా మేనకోడలు "మామయ్యా, వ్యర్థాలంటే కళివా?" అని తమిళంలో అర్థం చెప్పుకుంది. అవునన్నాను. నాకు దెబ్బ తగిలిన వాక్యం వచ్చింది. ఎలా చదవాలా అనుకుంటూనే "...ఈ సంగతి అధికారులందరికీ తెలుసు" దాకా వచ్చి, ఊపిరి తీసుకోవడానికి ఆగాను.

"ఎవరన్నార్రా?" అన్నారు నాన్న.